పోయే దారి, వచ్చే దారి

"సౌదీలో ఉంటున్నాను" అనగానే మా ఏలూరు వైపు బంధువులు అడిగే మొదటి ప్రశ్న "డ్రైవింగా బాబూ?" అని. కాదండీ, కంప్యూటర్లు అంటే "అక్కడ కూడా కంప్యూటర్ల వాళ్ళు కావాలా?" అని ఆశ్చర్యపోతారు. వాళ్ళని తప్పు పట్టడానికేం లేదు. గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు, కడప నుంచి వెళ్ళిన డ్రైవర్లు, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి కట్టుబడి పనులకి వెళ్ళినవాళ్ళు... మనవాళ్ళకి తెలిసిన సౌదీ అదే. కంప్యూటర్ సైన్సులో ఎంటెక్ చేసి రియాద్‌లో కూర్చుని రూటర్లకి దారులు చెప్పే నాలాంటివాడు ఆ లెక్కలో ఇమడడు. అయితే పోయిన ఏడాది, అంటే 2025 వేసవిలో, ఈ రెండు సౌదీలూ ఒక ఫైర్‌వాలు దగ్గర కలిశాయి. ఆ సంగతి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కొంచెం సాంకేతికం తప్పదు. భయపడకండి, మెల్లగానే వెళదాం.

ముందు సీడీఎన్ అంటే ఏమిటో చూద్దాం. ఇంటర్నెట్లో మనం చూసే బొమ్మలు, వీడియోలు, యాప్‌లలో తెర మీదకి వచ్చే సరంజామా అంతా ఒకే చోట పెడితే దూరంగా ఉన్నవాళ్ళకి ఆలస్యంగా అందుతుంది. అందుకని వాటి నకళ్ళు ఊరూరా పెట్టి, దగ్గరున్న చోటి నుంచి అందించే సంస్థలు పుట్టాయి. 1998లో అమెరికాలో మొదలైన అకమాయ్ వాటిలో తొలినాటిది. మనకి ఈ ఆలోచన కొత్తేం కాదు. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలైనప్పుడు జరిగింది ఇదే కదా. అంతకు ముందు విజయవాడలో అచ్చయిన పేపరు రైలెక్కి విశాఖ చేరేసరికి పొద్దెక్కేది. అక్కడే అచ్చు వేస్తే తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది. ఆ తర్వాత ఊరూరా అచ్చు వేయడం మొదలుపెట్టారు. సీడీఎన్ కూడా అంతే: ఒకే పేపరు, చాలా అచ్చాఫీసులు.

దూరం ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క. ఫైబరు వైర్లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే వంద కిలోమీటర్ల దూరానికి వెళ్ళి రావడానికి ఒక మిల్లీ సెకను. రియాద్ నుంచి దమ్మాం నాలుగు వందల కిలోమీటర్లు, కాబట్టి నాలుగు మిల్లీ సెకన్లు. అదే ఫ్రాంక్‌ఫర్ట్ అయితే సూటిగా కొలిచినా నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే, నలభై దాటుతుంది. పైగా వైర్లు సూటిగా వెళ్ళవు, ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా సముద్రం చుట్టుకుని పోతాయి. ఒక్కసారికి ఇది కంటికి ఆనదు. కానీ ఒక పేజీ తెరవడానికి అలాంటి రాకపోకలు పదులసార్లు జరుగుతాయి.

సౌదీలో 1999లో జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినప్పుడు ఈ దారుల గొడవే లేదు. రియాద్‌లోని కింగ్ అబ్దులజీజ్ సైన్సు, టెక్నాలజీ నగరంలో ఉన్న ఒక్క విభాగం గుండానే బయటి ప్రపంచానికి రాకపోకలు. వడపోత అక్కడే, ఒకసారి తెచ్చిన పేజీల నకళ్ళు దాచిపెట్టడమూ అక్కడే. ఇంటికి ఒకటే గుమ్మం ఉన్నప్పుడు ఏ గుమ్మంలోంచి వెళ్ళాలన్న ప్రశ్న రాదు. రెండో గుమ్మం పెట్టించుకున్న రోజు నుంచే మనలాంటి వాళ్ళకి పని :)

ఆ రెండో గుమ్మమే ప్రైవేటు లైను. ఒక పెద్ద కంపెనీకి రోజూ ఒకే సీడీఎన్‌తో చాలా పని ఉంటే, ఇంటర్నెట్ అనే నలుగురి రోడ్డు మీద పడి వెళ్ళకుండా, ఏదో ఒక డేటా సెంటర్లో తమ రూటరుకీ వాళ్ళ రూటరుకీ మధ్య నేరుగా ఒక ఫైబరు వేయించుకుంటారు. వైరు వేయడం సులువే. దాని మీద ఎవరు వెళ్ళాలి, ఎవరు రావాలి అన్న నియమాలు రాయడమే అసలు పని.

ఈ నియమాలు రాసే భాష బీజీపీ. 1989లో కర్క్ లోహీడ్, యాకోవ్ రెక్టర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక సమావేశం మధ్యలో భోజనాల దగ్గర కాగితపు నాప్కిన్ల మీద గీసిన పథకం అది. నేను పుట్టిందీ అదే ఏడాది. దాని సారాంశం ఇంతే: ప్రతి నెట్‌వర్కూ తన పక్క నెట్‌వర్కుతో "ఈ అడ్రసులు నా దగ్గరున్నాయి, వీటికి వచ్చేవి నాకివ్వు" అని చెబుతుంది. పక్కవాడు నమ్ముతాడు. ఇంతకంటే ఏం లేదు.

ఇందులో రెండు సంగతులు గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది.

ఒకటి, చిన్న ముక్కదే పైచేయి. రెండు దారులున్నప్పుడు ఎక్కువ వివరంగా చెప్పిన దారినే రూటరు ఎంచుకుంటుంది. "ఏలూరు ఉత్తరాలన్నీ నాకివ్వండి" అని ఒకడు, "ఏలూరు పవర్‌పేట ఉత్తరాలు నాకివ్వండి" అని ఇంకొకడు అంటే, పవర్‌పేట ఉత్తరం రెండోవాడికే వెళుతుంది. మొదటివాడు ఎంత నమ్మకస్తుడైనా సరే.

రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర నుంచి బయటికి వెళ్ళే దారి మనం నిర్ణయిస్తాం. మన దగ్గరికి వచ్చే దారి అవతలివాడు నిర్ణయిస్తాడు. మనం చేయగలిగిందల్లా అతనికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో చూసుకోవడమే. వెళ్ళిన దారినే తిరిగి రావాలన్న నియమం ఇంటర్నెట్లో ఎక్కడా లేదు.

సరే, అసలు కథలోకి వస్తాను. తూర్పు ప్రాంతంలో ఒక కాంట్రాక్టింగు కంపెనీ ఉంది. పేరు అనవసరం. ఆఫీసు దమ్మాంలో, పని చాలావరకు జుబైల్ పారిశ్రామిక వాడలో. ఇంజనీరింగు డ్రాయింగులు, భద్రతా శిక్షణ వీడియోలు అన్నీ ఒక సీడీఎన్ ద్వారా అందుతాయి కాబట్టి దానికో ప్రైవేటు లైను వేయించుకున్నారు. అది మొదలై రెండు వారాలయ్యాక, దానికి ఇంకో బ్యాకప్పు లైను ఎలా కలపాలో చెప్పమని నన్ను పిలిచారు. రియాద్ నుంచి దమ్మాంకి రైల్లో నాలుగు గంటలు. ఈ రెండు ఊళ్ళ మధ్య 1951 నుంచీ రైలుంది. కిటికీలోంచి చూస్తే ఇసుక, ఒంటెలు, మళ్ళీ ఇసుక. నాకు ఆ ప్రయాణం ఎందుకో ఇష్టం.

మూడో రోజు జుబైల్ దగ్గర వాళ్ళ వర్కర్ల క్యాంపుకి వెళ్ళాను. అక్కడో చిన్న గదిలో కంపెనీ స్విచ్చులున్నాయి, వాటిని ఒకసారి చూడాలి. జూలై నెల. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది, ఆ ఎండ అలాంటిది. నేను గది బయట నిలబడి మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతుంటే, నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఒకాయన ఆగాడు. యాభై ఏళ్ళ లోపే ఉంటాయి, గడ్డం సగం నెరిసింది.

"సారూ, తెలుగోల్లా మీరు? నెట్టు మంచిగ చేసెతందుకు అచ్చిండ్రా?"

జగిత్యాల వైపు ఊరు ఆయనది. స్కాఫోల్డింగు పని, సౌదీలో పదమూడేళ్ళు. నెట్టుకేమైంది అన్నా అని అడిగితే ఫోను తీసి చూపించాడు. ఇంటికి డబ్బు పంపే యాప్ అది. పైన పేరు వస్తోంది, కింద గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"పదకొండు దినాలైంది సారూ. సగమే తెరుసుకుంటది. బిడ్డకు కౌన్సెలింగ్‌ల ఇంజనీరింగ్ సీటచ్చింది. ఫీజు కట్టాలె. శుక్రారం దాక ఆగి టాక్సీల ఊళ్ళెకు పోయి పంపుదమంటె గడువు దాటిపోతది."

చాలామందికి సెలవు శుక్రవారం ఒక్కటే. క్యాంపు నుంచి ఊళ్ళోకి వెళ్ళి, డబ్బు పంపే సెంటరు దగ్గర వరసలో నిలబడి, తిరిగి వచ్చేసరికి ఆ ఒక్క రోజూ అయిపోతుంది. ఫోన్లోంచే పంపే వీలు వచ్చాక ఆ రోజు వాళ్ళకి మిగిలింది. ఇప్పుడు అది మళ్ళీ పోయింది.

ఆ సాయంత్రం ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదుల జాబితా తెరిచి చూశాను. క్యాంపు నుంచి వచ్చిన ఫిర్యాదులు ఏడు. అన్నిటినీ ఒకే మాట రాసి మూసేశారు: "వినోదం, ఆఫీసు పని కాదు". వీడియోలు చూడటానికి గొడవ పెడుతున్నారని అనుకున్నారన్నమాట.

అక్కడి నెట్‌వర్కు టీములో ఒక సౌదీ కుర్రాడున్నాడు, దహ్రాన్‌లో చదువుకున్నవాడు, చురుకైనవాడు. ఇద్దరం కూర్చుని ప్యాకెట్లు పట్టి చూశాం. గంటలో దొరికింది.

జరిగింది ఇదీ. కంపెనీకి ఇంటర్నెట్లో వాడుకునే 256 అడ్రసుల కట్ట ఒకటుంది. 203.0.113.0/24 అనుకోండి, అసలుది వేరు. అందులో కొన్ని ఆఫీసుకి, కొన్ని క్యాంపు వైఫైకి. ప్రైవేటు లైను పెట్టినప్పుడు ఎవరో ఒక నియమం రాశారు: క్యాంపు వాళ్ళు ఈ లైను మీద వెళ్ళకూడదు, మామూలు ఇంటర్నెట్ మీదే వెళ్ళాలి. డబ్బు పెట్టి వేయించుకున్న లైను ఆఫీసు పనికే అనుకోవడం సబబే. కానీ అదే చేత్తో, సీడీఎన్‌కి మాత్రం "ఈ 256 అడ్రసులూ మావే, ఈ లైను మీద పంపండి" అని మొత్తం కట్టని ప్రకటించారు.

ఫలితం చూడండి. క్యాంపులో ఒకాయన ఫోను మీద నొక్కితే, అడగడానికి వెళ్ళే ప్యాకెట్టు ఇంటర్నెట్ గుమ్మంలోంచి వెళ్ళింది. సీడీఎన్ జవాబు తయారుచేసి, ఈ అడ్రసుకి నేరుగా లైనుంది కదా అని ప్రైవేటు లైను మీద పంపింది. అక్కడ ఇంకో ఫైర్‌వాలు ఉంది. ఫైర్‌వాలు అంటే అపార్టుమెంటు వాచ్‌మన్ లాంటిది. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరి పేరు రిజిస్టర్లో రాశాడో వాళ్ళనే తిరిగి లోపలికి రానిస్తాడు. ఈ గేటు రిజిస్టర్లో ఆ పేరు లేదు, ఎందుకంటే ఆ మనిషి అవతలి గేటులోంచి వెళ్ళాడు. జవాబుని అక్కడే పారేసింది.

యాప్ సర్వరు ఈ సీడీఎన్‌లో లేదు, అందుకే పేరు కనబడుతోంది. తెర మీది మిగతా సామగ్రి సీడీఎన్ నుంచి రావాలి, అది రావడం లేదు. అందుకే సగం. ఆఫీసు వాళ్ళు వెళ్ళేదీ వచ్చేదీ ప్రైవేటు లైను మీదే కాబట్టి వాళ్ళకి అంతా బ్రహ్మాండంగా ఉంది. క్యాంపు వాళ్ళని ఆపే నియమం వెళ్ళే దారికి మాత్రమే రాశారు. వచ్చే దారి సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇలాంటి లైన్లు ఇచ్చే సంస్థలు ఈ సంగతి దాచిపెట్టవు. ఉదాహరణకి అమెజాన్ వాళ్ళ డైరెక్ట్ కనెక్ట్ పత్రాలు చదవండి. వాళ్ళ సీడీఎన్ క్లౌడ్‌ఫ్రంట్ కూడా దాని పబ్లిక్ లైను మీద అందుతుంది. మనం ఏ అడ్రసులు ప్రకటిస్తే వాటికి వెళ్ళే తమ ట్రాఫిక్కుకి ఆ లైనుకే మొగ్గు అని స్పష్టంగా రాసుంటుంది. మనం ప్రకటించని అడ్రసు నుంచి ప్యాకెట్టు వస్తే వాళ్ళు వదిలేస్తారు. మన ప్రకటనకి 7224:9100 అని చీటీ అంటిస్తే అది ఆ ఒక్క రీజియన్ దాకానే వెళుతుంది, 7224:9200 అంటే ఖండం వరకు, 7224:9300 అంటే ప్రపంచమంతా. ఏ చీటీ అంటించకపోతే ప్రపంచమంతా అనే లెక్క. వాళ్ళు మనకి చెప్పే అడ్రసులకి కూడా ఒక చీటీ ఉంటుంది, "దీన్ని ఇంకెవరికీ చెప్పకు" అని.

ఆ చివరి చీటీ విలువ 2019 జూన్ 24న తెలిసొచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక చిన్న నెట్‌వర్కు సంస్థ, తన లోపలి వాడకం కోసం ఇతరుల అడ్రసుల కట్టల్ని చిన్న ముక్కలు చేసుకుంది. అవి దాని ఖాతాదారైన అల్లెఘెనీ టెక్నాలజీస్ అనే లోహాల కంపెనీకి చేరాయి. ఆ కంపెనీ వాటిని తన రెండో లైను మీద వెరైజన్‌కి చెప్పేసింది. వెరైజన్ వడకట్టకుండా లోకానికంతా చెప్పింది. చిన్న ముక్కదే పైచేయి అన్నాను కదా. క్లౌడ్‌ఫ్లేర్ అనే పెద్ద సీడీఎన్‌కి వెళ్ళాల్సిన ట్రాఫిక్కు వెల్లువలా ఆ లోహాల కంపెనీ లైను మీద పడింది. ఒక దశలో తమ ట్రాఫిక్కులో సుమారు 15 శాతం పోయిందని క్లౌడ్‌ఫ్లేర్ రాసింది. పెరటి దారి మీదకి జాతీయ రహదారిని మళ్ళించినట్టు.

మళ్ళీ దమ్మాంకి. మర్నాడు మీటింగు పెట్టారు. సమస్య ఒప్పుకున్నారు. కానీ ఫైనాన్సు నుంచి వచ్చినాయన అన్నాడు: "క్యాంపుకి ఆ సీడీఎన్‌ని పూర్తిగా ఆపేస్తే సరిపోదా? రెండు వైపులా మూసేస్తే గందరగోళమే ఉండదు." సాంకేతికంగా ఆయన మాట నిజమే, రెండు వైపులా మూస్తే లెక్క సమంగానే ఉంటుంది. అందరూ నా వైపు చూశారు. నేను వాదించలేదు. జగిత్యాల ఆయన అనుమతితో తీసుకున్న ఆ సగం తెరుచుకున్న యాప్ ఫొటో తెర మీద పెట్టి, ఏడు ఫిర్యాదుల్లో "వినోదం" ఎన్ని అని అడిగాను. ఆ రోజు పొద్దున్నే సౌదీ కుర్రాడు ఏడుగురికీ ఫోను చేసి కనుక్కున్నాడు. ఐదు డబ్బు పంపే యాప్‌ల గురించి, ఒకటి ఆసుపత్రి రిపోర్టు, ఒక్కటే సినిమా. ఆ ఒక్క సినిమా మాత్రం ఏం పాపం చేసిందని కుర్రాడు నవ్వుతూ అన్నాడు. మూసేద్దామన్న మాట మళ్ళీ రాలేదు.

మేం రాసిన నియమాలు ఇవీ. ఇలాంటి లైను పెట్టుకునే ఎవరికైనా పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

మొదటిది, ఏం వినాలి. ఆ లైను మీద సీడీఎన్ సొంత అడ్రసులు మాత్రమే వినాలి. "అన్నిటికీ నేనే దారి" అని అవతల నుంచి వచ్చినా ఒప్పుకోకూడదు. ఇన్ని అడ్రసుల కట్టల కంటే ఎక్కువ వస్తే లైను దానంతటదే మూసుకునేలా ఒక గరిష్ఠ పరిమితి పెట్టాలి.

రెండోది, ఏం చెప్పాలి. 256 అడ్రసుల కట్ట మొత్తం చెప్పడం మానేశాం. అందులోంచి 32 అడ్రసుల చిన్న ముక్క, 203.0.113.0/27, పక్కన పెట్టాం. ప్రైవేటు లైను మీద వెళ్ళేవన్నీ ఆ ముక్కలోని అడ్రసులు వేసుకునే వెళ్ళాలి. సీడీఎన్‌కి ఆ ముక్క ఒక్కటే చెప్పాం. ఇంటర్నెట్లో /24 కంటే చిన్న ముక్కల్ని సాధారణంగా వడకట్టేస్తారు గానీ, ఇది ఇద్దరి మధ్య లైను కాబట్టి ముందుగా మాట్లాడుకుంటే ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆ గేటులోంచి వెళ్ళినవాళ్ళు ఆ గేటులోంచే వస్తారు, క్యాంపు వాళ్ళు ఇంటర్నెట్ గేటులోంచి వెళ్ళి అక్కడి నుంచే వస్తారు.

మూడోది, లైను తెగితే. 32 ముక్క ప్రకటన ఆగిపోతుంది, కానీ 256 కట్ట ఇంటర్నెట్ మీద ప్రకటిస్తూనే ఉన్నాం. చిన్న ముక్క మాయమైతే రూటర్లు పెద్ద కట్టనే చూసుకుంటాయి. వెళ్ళే దారీ వచ్చే దారీ రెండూ కలిసే ఇంటర్నెట్ మీదకి మారతాయి. అర్ధరాత్రి ఎవరూ లేచి మార్చాల్సిన పని లేదు.

నాలుగోది, అక్కడ విన్నది ఇంకో చోట చెప్పకూడదు. పైన లోహాల కంపెనీ కథ విన్నారు కదా.

ఐదోది దారి గురించి కాదు, గమ్యం గురించి. లైను ఎంత దగ్గరగా వేసినా, ఏ ఊరి సర్వరుకి వెళ్ళాలో చెప్పేది డీఎన్ఎస్. మన డీఎన్ఎస్ ప్రశ్న యూరపులోని సర్వరు ద్వారా వెళితే, సీడీఎన్ మనం యూరపులో ఉన్నామనుకుని అక్కడి అచ్చాఫీసు చూపించే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రశ్న కూడా దగ్గర నుంచే అడగాలి.

మంగళవారం రాత్రి పదింటికి మార్పు చేశాం. పావుగంట తర్వాత జగిత్యాల ఆయన ఫోను చేశాడు, "తెరుసుకున్నది సారూ" అని. బుధవారం ఫీజు కట్టేశారు. గురువారం క్యాంపుకి వెళితే చాయ్ ఇచ్చి, అసలేమైందో చెప్పమన్నాడు. వాచ్‌మన్, రెండు గేట్ల కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటె పోవుడు ఒక తొవ్వల, అచ్చుడు ఇంకో తొవ్వల. ఆ తొవ్వల ఉన్నోడు మమ్ముల గుర్తువట్టలె. గంతే కదా?"

"అంతే అన్నా."

"మాకు మొదటిసంది గట్లనే సారూ. ఈడికి అచ్చుడు మా చేతిల ఉండె. ఇంటికి పోవుడు వేరేటోని చేతిల ఉండె." 2016లో వాళ్ళ నాన్న పోయారట. అప్పుడు పనిచేస్తున్న చోట వెళ్ళి వచ్చే వీసాకి యజమాని ఒప్పుకునేసరికి ఎనిమిది రోజులు పట్టింది. ఈయన చేరేసరికి అంతా అయిపోయింది. ఆ మాట చెప్పి చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు నయమే" అన్నాడు.

నయమేనన్నది నిజమే. 2021 మార్చి 14 నుంచి అమలైన మార్పులతో, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు వెళ్ళి వచ్చే వీసా యజమాని అనుమతి లేకుండానే ఆన్‌లైన్లో తీసుకునే వీలొచ్చింది. అయితే ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ, ఇంటి డ్రైవర్లనీ ఆ మార్పు నుంచి మినహాయించారు. మా గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళూ, కడప డ్రైవర్లలో చాలామందీ ఆ మినహాయింపులోకే వచ్చారు. వాళ్ళకి వెళ్ళే దారి నియమం ఒకటి, వచ్చే దారి నియమం ఇంకొకటి.

సెప్టెంబరు 6న జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో వైర్లు తెగాయి. ముంబై, చెన్నైలను యూరపుతో కలిపే సీ-మీ-వీ 4, ముంబై నుంచి వెళ్ళే ఐఎంఈడబ్ల్యూఈ, రెండూ. ఇండియా, పాకిస్తాన్‌తో పాటు గల్ఫు దేశాల్లోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది. మధ్యప్రాచ్యం మీదుగా వెళ్ళే తమ ట్రాఫిక్కు ఆలస్యమవుతోందని మైక్రోసాఫ్ట్ కూడా ప్రకటించింది. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర వైర్లు తెగినప్పుడు నేను ఇంజనీరింగు చదువుతున్నాను. ఆర్కుట్ తెరుచుకోవడం లేదని తిట్టుకోవడం తప్ప ఏమీ తెలియని రోజులు.

ఈసారి శనివారం కావడంతో ఇంట్లోనే ఉన్నాను. కంపెనీ లైను సౌదీ లోపలి నకళ్ళ దగ్గరికే వెళుతుంది కాబట్టి దానికేం కాలేదు. క్యాంపు వాళ్ళ ఇంటర్నెట్ మాత్రం నత్తనడక. ఆదివారం పొద్దున సౌదీ కుర్రాడు ఫోను చేశాడు. ప్రైవేటు లైను సగం కూడా నిండడం లేదు, వైర్లు బాగయ్యేదాకా క్యాంపు వాళ్ళ సీడీఎన్ ట్రాఫిక్కుని దాని మీద వదులుదామని వాళ్ళ మేనేజరుతో ముందే ఒప్పించేశాడు. నన్నడిగింది ఒక్కటే: "రెండు వైపులా సరిగ్గా ఉందో లేదో చూస్తావా?" క్యాంపుకి ఇంకో 32 అడ్రసుల ముక్క ఇచ్చి, లైనులో పావు వంతుకి మించకుండా పరిమితి పెట్టాడు. చూశాను. బాగుంది. నేను మార్చాల్సిందేమీ కనబడలేదు.

వైర్లు బాగయ్యాక కూడా ఆ నియమం తీసెయ్యలేదని తర్వాత తెలిసింది. తీసెయ్యమని ఎవరూ అడగలేదట. ఇంకో చిన్న మార్పు కూడా జరిగింది. వాళ్ళ దగ్గర నెట్‌వర్కులో ఏ మార్పు చేయాలన్నా ఒక ఫారం నింపాలి. అందులో "ఎవరికి ప్రభావం" అనే గడిలో ఇదివరకు ఆఫీసు, సైట్లు అని రెండే ఉండేవి. ఇప్పుడు మూడోది చేరింది, క్యాంపు. ఇకపై ఎవరు దారి మార్చినా ఆ గడి దగ్గర ఆగి టిక్కు పెట్టాలి.

ఉంటాను మరి. రేపు ఆదివారం, ఇక్కడ ఆఫీసు రోజు.